చీప్ అండ్ బెస్ట్: ఒక్క విశేషణం దగ్గర ఆగిపోయిన అమ్మాయి

పర్లాకిమిడిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. మేడ మీద ఒక గది, ఒక నల్లబోర్డు, పన్నెండు కుర్చీలు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని సంగతి. ఆమెకు అడ్డం పడింది ఒకే ఒక్క మాట: చీప్. మనం తెలుగులోనే రోజుకు పదిసార్లు వాడే మాట. ఆమె పేరు, వయసు, వీధి ఇందులో ఉండవు. చదువు, ఉద్యోగాల వివరాలు కొన్ని మార్చాను. తండ్రి చేసే పని మాత్రం మార్చలేదు. అది మారిస్తే కేసే మిగలదు, పైగా కుట్టుమెషిన్ చప్పుడు వినిపించని వీధి మా ఊళ్ళో లేదు. రాసింది తండ్రీకూతుళ్ళిద్దరికీ చదివి వినిపించాను. ఒక చోట తండ్రి నవ్వారు, ఒక చోట కూతురు తీసేయమంది. తీసేశాను.

నేపథ్యం

ఏరు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. ఇవతల మేము, గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మేం గీతకు ఇటు పడ్డాం. అప్పటి నుంచి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు టీవీలో హిందీ, కొండ దిగి సంతకు వచ్చేవాళ్ళ నోట సవర. మా పిల్లలకు భాషలు తక్కువై ఇంగ్లిష్ రాకపోవడం అంటూ లేదు. ఏ మాట ఏ భాషదో తెలియనంతగా కలిసిపోయి ఉంటాయి, అంతే.

ఈ అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియం. ఆ తర్వాత డిగ్రీ. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడానికి మాత్రం కూడబలుక్కోవాలి. ఆ కాస్త చదవడం కూడా తండ్రి కొలతల పుస్తకంలో నేర్చుకుంది. తండ్రి ఆడవాళ్ళ బట్టలు కుడతారు. ఇంటి ముందు గదే దుకాణం. పైన రేకు బోర్డు, నీలం రంగు మీద పసుపు అక్షరాలు. ఒడియాలో ఒక లైను, తెలుగులో ఒక లైను, వాటి కింద పెద్దక్షరాలతో ఇంగ్లిష్‌లో ‘చీప్ అండ్ బెస్ట్’. టైలర్ అన్న మాటలో ‘ఐ’ అక్షరం లేదు. పాతికేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు, నేనూ ఆ వీధిలో వందసార్లు నడిచి పట్టించుకోలేదు.

వచ్చిన సమస్య

"మాస్టారూ, నాకు మొదట్నుంచీ చెప్పండి. ఏబీసీడీల నుంచి" అంది, వచ్చిన మొదటి రోజు.

అలా అడిగేవాళ్ళను నేను వెంటనే నమ్మను. సగం మందికి మొదటి నుంచి అక్కర్లేదు, ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలి ఉంటుంది. అందుకే ముందు ఇరవై నిమిషాలు ఊరికే మాట్లాడిస్తాను, తప్పులు దిద్దను. కాలేజీ గురించి బాగానే చెప్పింది. చింతపండు వేసి చేపల పులుసు ఎలా పెడతారో చెప్పింది. ఆర్టికల్స్ ఎగిరిపోతున్నాయి, కాలాలు కలిసిపోతున్నాయి, కానీ వాక్యం ఆగడం లేదు. "ఇప్పుడు మీ నాన్నగారి గురించి చెప్పమ్మా" అన్నాను. ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. "అది వద్దు మాస్టారూ" అంది.

నా మొదటి తప్పు ఇక్కడే. ఇంట్లో ఏదో గొడవ ఉందనుకున్నాను. తాగుడో, అప్పులో. ఈ పనిలో అలాంటివి చాలా చూశాను. కాబట్టి అడగకూడదని నిర్ణయించుకుని రెండు వారాలు ఆ వైపే వెళ్ళలేదు. మర్యాదగా ఉన్నాననుకున్నాను కానీ, చూడాల్సిన చోటు చూడకుండా తిరిగాను.

మూడో వారంలో తనే చెప్పింది, తెలుగులో, క్లాసు అయిపోయి అందరూ మెట్లు దిగాక. అంతకు మూడు నెలల ముందు ఒక పెద్ద ఊళ్ళో హోటల్ ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళింది. ముగ్గురు కూర్చున్నారు. కుటుంబం గురించి అడిగితే ఇలా చెప్పింది: "మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్. హీ ఈజ్ వెరీ చీప్. ఆల్ పీపుల్ నో హీ ఈజ్ చీప్." ఒకాయన నవ్వాడు. పక్కనున్నావిడ నవ్వు ఆపుకుంటూ, "ఈజ్ హీ చీప్ విత్ యూ ఆల్సో?" అని అడిగింది. ఈ అమ్మాయి "యెస్ మేడమ్" అంది.

ఆవిడ అడిగింది "ఇంట్లో నీ దగ్గర కూడా పిసినారితనమేనా?" అని. అమెరికా ఇంగ్లిష్‌లో మనిషిని చీప్ అంటే పిసినారి అని. ఈ అమ్మాయికి ఆ జోకు అప్పుడు తెలియలేదు. తిరుగు బస్సులో ఫోన్‌లో ఒడియా అర్థం వెతికింది. మొదట శస్తా అని వచ్చింది, చవక అని. దాని కిందే నీచ, హీన అని ఉంది.

"మా నాన్నని నీచుడన్నాను మాస్టారూ. ముగ్గురి ముందు. పైగా ఊరందరికీ తెలుసని కూడా చెప్పాను."

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. సంచీ పట్టీ మెలితిప్పుతూ కూర్చుంది. ఉద్యోగం పోయినందుకు కూడా అంత బాధ లేదు. రోజూ ఆ బోర్డు కింద నుంచి ఇంట్లోకి వెళ్ళాలి. చిన్నప్పుడు ఏబీసీడీలు కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లిష్ అదేనట. ఇప్పుడు ఆ బోర్డు చూస్తే నాన్నను వీధిలో ఎవరో తిట్టినట్టుంది అంది.

చేసినవి, బెడిసినవి

ముందు చేసింది అందరు మాస్టార్లూ చేసేదే: ఆ మాట మానేయమన్నాను. చీప్ బదులు ‘ఇనెక్స్‌పెన్సివ్’, లేదంటే ‘అఫర్డబుల్’. అలా ఎందుకు చేశానంటే, దెబ్బ తగిలిన చోట వెంటనే వేలు పెట్టకూడదనుకున్నాను. ముందు మాట్లాడటం మొదలుపెడితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చని.

ఇనెక్స్‌పెన్సివ్ ఆమె నోరు తిరగలేదు. అఫర్డబుల్ తిరిగింది. ఆ శనివారం క్లాసులో ధైర్యం చేసి లేచి నిలబడి చెప్పింది: "మై ఫాదర్ ఈజ్ వెరీ అఫర్డబుల్."

వెనక కుర్చీల్లో ఇద్దరు కిసుక్కున నవ్వారు. తండ్రిని అద్దెకిచ్చినట్టుంది ఆ వాక్యం. మాట మార్చినా తప్పు అక్కడే ఉంది. మాట ఏదైనా సరే, ఆమె దాన్ని తండ్రికి తగిలిస్తోంది. నాకది అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఆమెకు అర్థాలు సరిగ్గా తెలియకే ఇలా అవుతోందనుకుని రెండో పనికి దిగాను, అది మొదటిదానికన్నా చెడ్డది.

బోర్డు మీద పట్టీ వేశాను. ధర తక్కువైతే చీప్. నాణ్యత తక్కువైతే చీప్. అమెరికాలో పిసినారి అయితే చీప్, అదే బ్రిటన్‌లో అయితే మీన్ అనో టైట్ అనో అంటారు. మనిషి బుద్ధి తక్కువదైతే మన దేశంలో చీప్. ఎదుటివాణ్ణి అన్యాయంగా దెబ్బకొడితే చీప్ షాట్. శ్రమకు, ప్రాణానికి విలువ లేకపోతే అక్కడా చీప్. ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు. నా పాఠం నాకే ముచ్చటేసింది. పరీక్ష పెడితే అన్నీ సరిగ్గా రాసింది, ఒక్క తప్పు లేదు.

మాట్లాడమంటే మాత్రం ప్రతి విశేషణం ముందూ ఆగడం మొదలుపెట్టింది. గుడ్ అనాలన్నా ఆగుతోంది, బిగ్ అనాలన్నా ఆగుతోంది. ఒకరోజు "సింపుల్‌కి కూడా వేరే అర్థం ఉందా మాస్టారూ?" అని అడిగింది. ఉంది మరి. తెలివి తక్కువ అని పాత వాడుక ఒకటుంది. చెప్పకుండా ఊరుకున్నాను కానీ, నాకు చెమట పట్టింది. ఆరోగ్యంగా ఉన్న మాటలకు కూడా నేను జబ్బు అంటించాను. ఒక మాటకు ఆరు అర్థాలున్నాయని తెలిసినవాడికి నోరు తెరవాలంటే ఆరు భయాలు. తెలివైన పిల్లలకే ఇది ఎక్కువ తగులుతుంది.

పాఠం ఆపేశాను. ఒక వారం సినిమాలు, వంటలు, పండగల కబుర్లు తప్ప ఏమీ చెప్పలేదు. ఆ వారం ఆలోచించుకోవడానికి ఆమెకన్నా నాకే ఎక్కువ పనికొచ్చింది.

మాట పుట్టిల్లు

తేలిందేమిటంటే, ఫోన్‌లో చూసిన రెండు అర్థాల్లో ‘నీచ’ అన్నదే అసలైనదని, శస్తా అన్నది తనూ తన నాన్నా తెలియక పెట్టుకున్నదని ఆమె మనసులో నాటుకుపోయింది. అది అబద్ధమని నేను వట్టిగా చెబితే ఓదారుస్తున్నానని అనుకుంటుంది. సాక్ష్యం కావాలి. అందుకని మాట చరిత్ర చెప్పాలనుకున్నాను.

కొంచెం తటపటాయించాను కూడా. మాట ఎక్కడ పుట్టిందో చెప్పి, అదే దాని నిజమైన అర్థం అని వాదించేవాళ్ళంటే నాకు చిరాకు. మాటకు అర్థం ఇవాళ జనం ఎలా వాడుతున్నారన్నదే. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ వాడుకను కాదని పుట్టుకను పట్టుకు వేలాడితే బాగుండదు. ఇక్కడ నా అవసరం వేరు. నాన్న బోర్డు మీది అర్థం దొంగది కాదని, అదే పెద్దదని చూపించాలి. అంతవరకే.

పాత ఇంగ్లిష్‌లో ‘చేఆప్’ అనే నామవాచకం ఉండేది. బేరం, అమ్మకం, కొనుగోలు, ధర అన్నీ అదే. పశువులనీ ఆ మాటతోనే అనేవాళ్ళు. ఇది చెప్పగానే ఆమె తల ఎత్తింది. మా వైపు సొమ్ము అంటే డబ్బు, సొమ్ములు అంటే ఆవులూ ఎద్దులూ. "మా తాత సొమ్ములు తోలుకెళ్ళాడు అంటాం కదా మాస్టారూ, అలాగన్నమాట" అంది. అలాగే.

ఆ మాట ఇంకా వెనక్కి వెళితే లాటిన్ ‘కౌపో’ దగ్గర తేలుతుంది. సత్రం నడిపేవాడు, చిల్లర వర్తకుడు. జర్మన్లు కొనడాన్ని ‘కౌఫెన్’ అనడం, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ పేరుకు వర్తకుల రేవు అని అర్థం ఉండటం, అన్నీ ఈ కుటుంబమే. లండన్‌లో చీప్‌సైడ్ అని వీధి ఉంది. నీచమైన వీధి అని కాదు, పాత అంగడి వీధి. పక్కనే బ్రెడ్ స్ట్రీట్, మిల్క్ స్ట్రీట్, కోళ్ళమ్మిన చోటు పౌల్ట్రీ. చిప్పింగ్ నార్టన్ అంటే సంత జరిగే నార్టన్. ఊరూరా తిరిగి సరుకమ్మేవాణ్ణి చాప్‌మన్ అనేవాళ్ళు. అందులోంచి తెగిపడిందే ఇవాళ్టి ‘చాప్’, మనం వాడూ వీడూ అన్నట్టు.

అప్పట్లో చీప్‌కు చవక అన్న అర్థమే లేదు. బేరం మంచిదైతే ‘గుడ్ చీప్’ అనేవాళ్ళు, మంచి బేరం అని. ఫ్రెంచివాళ్ళు చవకను ఇప్పటికీ ‘బాన్ మార్షే’ అంటారు, అదీ మంచి బేరమే. ఆ గుడ్ చీప్‌లో గుడ్ రానురాను జారిపోయి, 16వ శతాబ్దంలో చీప్ ఒక్కటే చవక అన్న విశేషణంగా నిలిచింది. చవకగా దొరికేదాన్ని జనం లెక్కచేయరు కదా, ఆ శతాబ్దం ముగిసేసరికి చులకన అన్న అర్థం కూడా అంటుకుంది. (ఇంగ్లిష్‌వాళ్ళు జారవిడిచిన గుడ్‌ను మనవాళ్ళు వందల ఏళ్ళ తర్వాత బెస్ట్ అని పెంచి మరీ పక్కన చేర్చారని నాకనిపిస్తుంది. చరిత్రకారులు ఒప్పుకోరు, నేనూ పట్టుబట్టను.)

ఆమె అంతా విని అడిగిన ప్రశ్న ఇది: "చవకకీ నీచానికీ ఒకే మాట పెట్టుకుంటే వాళ్ళకి తికమకగా ఉండదేటి మాస్టారూ? మనకి వేరు కదా."

నిజమే, మనకు వేరు. చవక గుడ్డ అంటాం. చవకబారు మాట అంటాం. చవక మాట అనం, చవకబారు ధర అనం. మనం ‘బారు’ తగిలించి గీసిన గీతను ఇంగ్లిష్ గీయలేదు. ఆ గీత ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నేను మూడు వారాలు చెప్పలేకపోయింది ఆమె నోట్లోనే ఉంది.

పని చేసింది

అప్పుడు, నిజానికి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"అమ్మా, మీ నాన్నగారి గురించి అదే సంగతి తెలుగులో ఎవరికైనా చెప్పాలంటే ఎలా చెబుతావు? మా నాన్న చవక అంటావా?"

పకపకా నవ్వింది. మా క్లాసులో ఆమె నవ్వడం అదే మొదలు. "అలాగెవరంటారు మాస్టారూ! మా నాన్న దగ్గర కుట్టుకూలి తక్కువ అంటాం."

తెలుగులో చవక మనిషికి అంటదు. కూలికి, సరుక్కి, బేరానికి అంటుంది. అది ఆమెకు తెలుసు, ఎవరూ నేర్పకుండానే తెలుసు. మరి ఇంగ్లిష్‌లో తండ్రికి ఎందుకు తగిలించింది? పిల్లలు తప్పు చేస్తే మాతృభాష అడ్డం వస్తోందని మా పనిలో వెంటనే అనేస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అన్నాను. ఈ తప్పు తెలుగులోంచి రాలేదు, ఒడియాలోంచీ రాలేదు. బోర్డులోంచి వచ్చింది. ‘చీప్ అండ్ బెస్ట్’ అన్నదాంట్లో కర్త లేడు. ఏది చీప్, ఎవరు బెస్ట్ అని చెప్పదు. పైన తండ్రి పేరు, కింద ఈ మాట. పదిహేనేళ్ళు రోజూ చూసిన పిల్ల రెంటినీ కలిపి చదువుకుంది. ఇంగ్లిష్‌లో చూసిన దానివల్ల ఇంగ్లిష్‌లో జరిగిన తప్పు అది. తెలుగులో ఆలోచించి ఉంటే జరిగేదే కాదు.

ఇది తెలిశాక పాఠం తలకిందులైంది. ఇంగ్లిష్‌లోనే ఆలోచించు అని గోడ మీద రాసుకున్నవాణ్ణి నేను. ఈ ఒక్క విషయంలో ముందు తెలుగులో చెప్పి, చవక దేనికి తగిలిందో చూసుకుని, దానికే ఇంగ్లిష్‌లోనూ తగిలించమన్నాను. కుట్టుకూలి తక్కువ. కూలి అంటే రేట్లు. "హిజ్ రేట్స్ ఆర్…" అని ఆగింది. చీప్ అందామా వద్దా అని.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో వస్తువైతే ‘చీప్’, ధరైతే ‘లో’, అంటే తక్కువ. చీప్ ప్రైస్ అనడం చాలామందికి ఎబ్బెట్టు, మన దగ్గర మాత్రం చీప్ రేట్ ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. "మీ దుకాణానికి వచ్చేవాళ్ళు రేటు బాగుంటే ఏమంటారు?" అని అడిగాను. క్షణం కూడా ఆలోచించలేదు. "రీజనబుల్‌గా ఉంది అంటారు." అదీ ఇంట్లో ఉన్న మాటే. డిక్షనరీ తెరవకుండానే వాక్యం పూర్తయింది: "హిజ్ రేట్స్ ఆర్ రీజనబుల్."

తర్వాతి క్లాసుకు ఆమె ఒక గుడ్డముక్కల మూట తెచ్చింది. నేను అడగలేదు. జాకెట్ల లైనింగు ముక్కలు, కత్తిరించగా మిగిలినవి. రెండు ఎర్ర ముక్కలు బల్ల మీద పెట్టింది. ఒకేలా ఉన్నాయి. బొటనవేలు నాలుకకు తడి చేసుకుని ఒకదాని మీద రుద్దింది. వేలు ఎర్రబడింది. రెండోదాని మీద ఇంకో వేలితో రుద్దింది, ఏమీ అంటలేదు. "రెండూ తక్కువ రేటే మాస్టారూ. ఇది ఉతికితే జాకెట్టంతా పాడుచేస్తాది, నాన్న కొనరు. దీన్ని చీప్ లైనింగ్ అనాలి. ఇంకోదాన్ని, దిస్ లైనింగ్ వాజ్ చీప్ అనొచ్చా?"

ఇన్నేళ్ళలో ఆ తేడా నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నామవాచకానికి ముందు నిలబెడితే చీప్ నాణ్యత వైపు ఒరుగుతుంది: చీప్ ప్లాస్టిక్, చీప్ లైనింగ్. వాక్యం చివర పెడితే ధర వైపు ఒరుగుతుంది: టికెట్ వాజ్ చీప్. గట్టి సూత్రం కాదు, ఒరుగు మాత్రమే. చీప్ హోటల్ అన్నప్పుడు రెండూ వినిపిస్తాయి, ఎవరు అంటున్నారన్నదాన్ని బట్టి. చీప్ టైలర్ అన్నా అంతే. అందుకే ఇంటర్వ్యూలో దాని జోలికి పోకపోవడమే మంచిది.

అదే వారం ఆమె పాతపట్నంలో పిన్ని ఇంటికి వెళ్ళి వచ్చి ఇంకోటి చెప్పింది. అక్కడ రేషన్ షాపు బోర్డు మీద తెలుగులో చౌక ధరల దుకాణం అని ఉందట. దాన్నే ఇంగ్లిష్‌లో ఫెయిర్ ప్రైస్ షాప్ అంటారు. "చౌక అంటే చీప్ కదా, ఫెయిర్ అని ఎందుకు రాశారు మాస్టారూ?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా తనే చెప్పేసింది: "చీప్ అని రాస్తే బియ్యం బాగోవు అనుకుంటారు."

ఇంక నేను నేర్పాల్సింది పెద్దగా లేదు. వారానికి మూడు క్లాసుల చొప్పున మరో నాలుగు వారాలు మామూలు పాఠాలే నడిచాయి. రోజూ ఏదో ఒక వంకన తండ్రి ప్రస్తావన తెప్పించేవాణ్ణి. మొదట్లో ఆ వాక్యాన్ని ఒప్పజెప్పేది. తర్వాత్తర్వాత దాని చుట్టూ మాటలు పెరిగాయి: పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రి ఒంటిగంట దాకా మెషిన్ మీద ఉంటారని, ఆది జాకెట్టు తేకపోయినా చూసి కొలత చెప్పేస్తారని. వాటిలో ఇంగ్లిష్ తప్పులు బోలెడు. ఒక్కటి కూడా దిద్దలేదు.

ఫలితం, మిగిలినవి

ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్ళింది. కుటుంబం గురించి అక్కడా అడిగారు. చెప్పగలిగింది. ఉద్యోగం రాలేదు, కంప్యూటర్ టైపింగ్ చాలలేదన్నారు. ఇంకో మూడు నెలలకు వేరే చోట కుదిరింది. ఇది నా పాఠం గొప్పని నేను అనను, అక్కడ ఇంటర్వ్యూ అంతా ఒడియాలోనే జరిగింది.

పూర్తిగా నయమైందని కూడా అనలేను. ఆరో వారంలో స్నేహితురాలి హాస్టల్ గది గురించి "ది రూమ్ వాజ్ చీప్" అంది. నూటికి నూరు పాళ్ళు సరైన వాక్యం. వెంటనే నాలుక కరుచుకుని సారీ చెప్పింది. ఎందుకు సారీ అంటే చెప్పలేకపోయింది. ఇప్పటికీ ఆ మాట వచ్చినప్పుడు చిన్న తడబాటు వినిపిస్తుంది నాకు. ఆరు అర్థాల పట్టీ నేను వేయకపోయి ఉంటే అది ఉండేది కాదేమోననిపిస్తుంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో రెండు మూడు మార్పులు వచ్చాయి. పిల్లలకు కొత్త విశేషణాలు నేర్పేముందు, ఇప్పటికే తెలుగులో తిరుగుతున్న వాటిని ముందు బయటకు లాగుతున్నాను: చీప్, సీరియస్, స్మార్ట్, క్యూట్, నార్మల్, టైట్. కొత్త మాటతో ప్రమాదం తక్కువ, తెలియదని వాళ్ళకే తెలుసు కాబట్టి తడుముకుంటారు. తెలిసిన మాటనైతే కళ్ళు మూసుకుని వాడేస్తారు. మనిషి సీరియస్ అయ్యాడంటే మనకు కోపం వచ్చిందని, పేషెంట్ సీరియస్ అంటే ప్రాణం మీదికొచ్చిందని. రెండోది ఇంగ్లిష్‌వాడికి తెలుస్తుంది, మొదటిది తెలియదు. ఇలాంటి జంటలు వాళ్ళ చేతే ఏరిస్తాను. అర్థాల పట్టీ మాత్రం ఇక వేయను. ఒక మాటకు, ఆ పూట ఎదురైన వాడుక ఒక్కటే.

గోడ మీద ఇంగ్లిష్‌లో ఆలోచించు అన్న కాగితం ఇంకా ఉంది. చింపలేదు, కొన్ని చోట్ల అదీ పనికొస్తుంది. కాస్త పక్కకు జరిపి కాలెండరు కింద పెట్టాను.

మొన్న వానల్లో ఆ రేకు బోర్డు తుప్పు పట్టి ఒక మూల ఊడింది. కొత్తది రాయించాలనుకుంటున్నారని, ఇంగ్లిష్ లైను మార్చమనాలా అని ఆమె ఫోన్ చేసి అడిగింది. వద్దన్నాను. ఆ బోర్డు చదివేది మా వీధివాళ్ళు, సంతకొచ్చేవాళ్ళు, ఏరు దాటి వచ్చే పాతపట్నం వాళ్ళు. వాళ్ళలో ఎవరికీ అది తిట్టుగా వినపడదు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కొట్ల మీద ఆ మూడు మాటలకు ఒకటే అర్థం. తండ్రిని కూడా అడిగిందట. ఆయన మెషిన్ తొక్కుతూనే, "పాతికేళ్ళ నుంచి ఉన్న మాటమ్మా, దానికేటైనాది?" అన్నారట.

కొత్త బోర్డు వచ్చింది. అదే నీలం, అదే పసుపు, చీప్ అండ్ బెస్ట్ ఉన్నచోటే ఉంది. పెయింటరు పక్కన నిలబడి ఆమె దిద్దించింది ఒక్కటే: టైలర్‌లో లేని ఆ ‘ఐ’.